శంకువు కప్పు ఉన్న నీళ్ల ట్యాంకుకు ఎన్ని లీటర్ల పెయింటు కావాలి?

ప్రశ్న:
3 మీటర్ల వ్యాసం, 2 మీటర్ల ఎత్తు గల స్థూపాకారపు ఇనుప ట్యాంకు నేలపై కూర్చుని ఉంది. దాని కప్పు శంకువు ఆకారంలో ఉంది. కప్పు నిలువు ఎత్తు 80 సెంటీమీటర్లు. బయటివైపు రెండు పూతలు వేయించాలి. సంపూర్ణతల వైశాల్యం 2πr(r+h) ప్రకారం లెక్కిస్తే దాదాపు 33 చదరపు మీటర్లు వస్తోంది. ఈ ట్యాంకుకు ఆ సూత్రం వర్తిస్తుందా? ఒక పూతకు లీటరు 10 చదరపు మీటర్లకు వస్తుందని డబ్బాపై రాసి ఉంది.

మొదటి సమాధానం:
వర్తించదు. ఆ సూత్రంలో పైనా కిందా ఉన్న వృత్తాలు రెండూ కలిసి ఉంటాయి. మీ ట్యాంకు అడుగు నేలకు ఆని ఉంది, పైన వృత్తానికి బదులు శంకువు ఉంది. బ్రష్షు తగిలే భాగాలనే లెక్కించండి. గోడకు 2πrh, అంటే 2 × 3.14 × 1.5 × 2 = 18.84 చదరపు మీటర్లు. కప్పుకు πrl వాడాలి. ఇందులో l ఏటవాలు ఎత్తే తప్ప మీరు చెప్పిన నిలువు ఎత్తు కాదు. 1.5, 0.8 వర్గాల మొత్తం 2.89, దాని వర్గమూలం 1.7 కనుక కప్పు వైశాల్యం 8.01. మొత్తం 26.85 చదరపు మీటర్లు. రెండు పూతలకు సుమారు 5.4 లీటర్లు.

రెండవ సమాధానం:
లెక్క సరైనదే, కానీ 5.4 లీటర్లే కొంటే చివర్లో చాలకపోవచ్చు. లీటరు పెయింటును 10 చదరపు మీటర్ల మీద సమంగా పరిస్తే తడి పొర మందం 0.1 మిల్లీమీటరు మాత్రమే. తుప్పు గీకిన ఇనుముపై మిగిలే గుంటలు అంతకంటే లోతుగా ఉండవచ్చు, వాటిని నింపడానికి పోయే పెయింటు ఏ సూత్రానికీ అందదు. రోలరు పీల్చుకునేది, డబ్బా గోడలకు అంటుకుపోయేది సరేసరి. 6 లీటర్లు తీసుకోవడం మేలు. ప్రైమరుకు మాత్రం దాని డబ్బాపై ఉన్న అంకెతో వేరుగా లెక్క వేయండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. దీనికి రెట్టింపు నీళ్లు పట్టే మరో ట్యాంకు కూడా ఉంది. దానికి 12 లీటర్లు అనుకోవచ్చా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
అంత అవసరం ఉండదు. రెండూ ఒకే పోలికలో ఉంటే, ఘనపరిమాణం రెట్టింపు కావడానికి ప్రతి కొలతా 1.26 రెట్లు అయితే చాలు; అప్పుడు వైశాల్యం 1.59 రెట్లు, అంటే 42.6 చదరపు మీటర్లు అవుతుంది. వృథాతో కలిపి తొమ్మిదిన్నర లీటర్లు సరిపోతాయి. అదే వ్యాసంతో గోడ ఎత్తు మాత్రమే రెట్టింపైతే గోడ 37.68, కప్పు 8.01 కలిసి 45.69 చదరపు మీటర్లు వస్తాయి, పెయింటు మరో ముప్పావు లీటరు దాకా పెరుగుతుంది. కాబట్టి ఎన్ని నీళ్లు పడతాయో చూసి కాక, వ్యాసమూ ఎత్తూ టేపుతో కొలిచాకే కొనండి.