ఎన్‌క్యాప్సులేషన్‌ను ‘గుళికీకరణ’ అనాలా?

పసుపు మీద ఒక వ్యాసం రాస్తూ ఈ మాట దగ్గర ఆగిపోయాను. ఒక పదార్థాన్ని మరోదానిలో ఇమిడ్చి ఉంచడమే ఎన్‌క్యాప్సులేషన్. పసుపుకు ఆ రంగునిచ్చే కర్క్యుమిన్ నీళ్లలో దాదాపు కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. ఆ ద్రావణంలో సన్నని రంధ్రాలున్న సిలికా పొడి కలిపి, ఆల్కహాల్‌ను ఆవిరి చేస్తే కర్క్యుమిన్ ఆ సిలికా రేణువుల్లోని రంధ్రాల్లో ఉండిపోతుంది. ఇందుకు ఎక్కువగా వాడే పొడుల్లో ఒకటి ఎంసీఎం-41. దీన్ని మోబిల్ చమురు కంపెనీ శాస్త్రవేత్తలు 1992లో ప్రకటించారు. రంధ్రం వెడల్పు సాధారణంగా 2 నుంచి 4 నానోమీటర్లు. అంత ఇరుకులో కర్క్యుమిన్ అణువులు వరసకట్టి స్ఫటికం కాలేవు. స్ఫటికాన్ని విడగొట్టే పని తప్పింది గనక నీళ్లలోకి తొందరగా వస్తాయి.

‘గుళికీకరణ’ అని రాశాను గానీ నాకే నచ్చలేదు. గుళిక అంటే పైన తొడుగు, లోపల మందు. ఇక్కడ తొడుగేదీ?

జవాబు: ‘పొదగడం’ అనండి, ఉంగరంలో రాయి పొదిగినట్టు.

నేను: చూశానండీ. పొదిగిన రాయి ఊడకూడదు, ఇది ఊడి రావాలనే పెడుతున్నాం. పైగా నాకు కోడిపెట్ట గుర్తొస్తోంది.

మరొకరు: వంటింట్లో వెతకరాదూ? ముక్కకు ఉప్పూ కారం పట్టిస్తాం కదా, ఇదీ అంతే. ‘సిలికాకు కర్క్యుమిన్ పట్టించారు’ అనండి. పోరస్‌కి, అంటే రంధ్రాలున్నదానికి, ‘సచ్ఛిద్ర’ వద్దు, జంతికలు గుల్లగా వచ్చాయంటాం, ‘గుల్ల సిలికా’ చాలు. ఇల్లు గుల్లవడం గుర్తొస్తే నా తప్పు కాదు.

ఇంకొకరు: గుల్ల సరే, పట్టించడం ఒప్పుకోను. తలకు నూనె పట్టించినా పైపైనేగా!

నేను: అదే కలిసొచ్చింది మాస్టారూ. ఆ రంధ్రాల గోడలన్నీ పరిస్తే ఒక్క గ్రాముకే సుమారు 1000 చదరపు మీటర్లు, అంటే పావెకరం. కర్క్యుమిన్ అంటుకునేది ఆ గోడలకే. నా ఇబ్బంది వేరే. మందు ‘ఒంటికి పట్టడం’ అని కూడా అంటాం. గాజు బీకరులో తొందరగా కరగడం ఒకటి, ఒంటికి పట్టడం మరొకటి. వ్యాసంలో రెండూ పక్కపక్కనే వస్తాయి, పట్టడమూ పట్టించడమూ కలిసిపోతే తికమకే. అందుకని ఒంటికి పట్టడానికి ‘శోషణ’ అని రాద్దామనుకుంటున్నా.

వంటింటివారే: శోషణ అంటే సగంమందికి శోష వచ్చి పడిపోవడం గుర్తొస్తుంది! ‘ఒంటబట్టడం’ అని కలిపి రాసేయండి.