రియాద్ కామెడీ ఉత్సవం: ఆ డబ్బు తీసుకోవడం తప్పా?

ఓరుగల్లు రేడియో:
2025 సెప్టెంబర్ 26 నుంచి అక్టోబర్ 9 దాకా సౌదీ రాజధాని రియాద్‌లో పెద్ద కామెడీ ఉత్సవం జరిగింది. డేవ్ షపెల్, కెవిన్ హార్ట్, బిల్ బర్, అజీజ్ అన్సారీ... 50 మందికి పైగా కమెడియన్లు వెళ్లారు. పిలిచింది, డబ్బిచ్చింది అక్కడి ప్రభుత్వమే. 2018లో సౌదీ జర్నలిస్టు జమాల్ ఖషోగ్గీని ఇస్తాంబుల్‌లోని సౌదీ కాన్సులేట్‌లో చంపిన తేదీ, అక్టోబర్ 2 కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. 2022 మార్చిలో ఒక్క రోజే 81 మందికి మరణశిక్ష అమలు చేసిన ప్రభుత్వం అది. నోటి మాటే బతుకుతెరువైన వాళ్లు అక్కడికి వెళ్లకుండా ఉండాల్సిందని నా అభిప్రాయం. మీరేమంటారు?

లా పాయింట్:
అసలు సంగతి ఒప్పందం. వెళ్లనన్న కమెడియన్ అట్సుకో ఒకాట్సుకా తనకు పంపిన షరతులు బయటపెట్టింది. రాజ్యం మీద, రాజకుటుంబం మీద, మతం మీద జోకులు వేయకూడదు. కానీ మన కంపెనీ ఫంక్షన్లలోనూ యాంకర్లకు ఇలాంటి షరతులు పెడతారు కదా? తేడా ఏమిటో ఎవరైనా చెప్పండి.

జగిత్యాల డ్రైవరన్న:
నేను రియాద్‌లో 11 ఏళ్లు హౌస్ డ్రైవర్‌గా చేశాను. ఇక్కడ కూర్చుని అక్కడి సంగతి మాట్లాడటం తేలిక. నేను వెళ్లినప్పుడు అక్కడ సినిమా హాలే లేదు. 35 ఏళ్ల తర్వాత 2018 ఏప్రిల్‌లో మళ్లీ తెరిచారు. ఆ జూన్‌లో ఆడవాళ్లకు డ్రైవింగ్ ఇచ్చారు. మా కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) చిన్న కూతురు మొదటిసారి స్టీరింగ్ పట్టుకున్న రోజు పక్కన వాళ్ల నాన్న, వెనక సీట్లో నేను. నా పని పోతుందని టెన్షన్, ఆ పిల్ల ముఖం చూస్తే సంతోషం. అలాంటి పిల్లలు ఒక సాయంత్రం నవ్వుకుంటే మీకేం పోయింది? ఖషోగ్గీని చంపింది వాళ్లా?

బుర్రకథ వారసుడు:
అన్నా, ఆ స్టీరింగ్ హక్కు అడిగిన లుజైన్ అల్ హథ్లూల్‌ను సరిగ్గా అంతకు ముందు నెల, 2018 మేలో అరెస్టు చేశారు. హక్కు ఇచ్చారు, అడిగినామెను జైల్లో పెట్టారు. 2021 ఫిబ్రవరి దాకా వదల్లేదు. ఈ ఉత్సవం కూడా అలాంటిదే. నవ్వు ఇస్తారు, ఎవరి మీద నవ్వాలో వాళ్లే చెబుతారు.

మా నాన్న బుర్రకథ చెప్పేవారు. ఒకసారి మా వైపు ఒక పెద్దమనిషి తన సభలో తనను పొగుడుతూ కథ కట్టమన్నాడు. నాన్న కట్టనన్నారు. తర్వాత రెండేళ్లు చుట్టుపక్కల ఊళ్లలో ఒక్క కార్యక్రమం రాలేదు. అమ్మ మిరప కోతలకు వెళ్లింది. ఆయనే కాదనగలిగినప్పుడు కోట్లున్న వాళ్లు ఎందుకు కాదనలేరు?

పాత రికార్డులు:
ఎమర్జెన్సీలో ప్రభుత్వం పాడమంటే కిశోర్ కుమార్ కూడా కాదన్నాడు. 1976లో ఆకాశవాణి, దూరదర్శన్‌లలో ఆయన పాటలు ఆపేశారు.

నెల్లూరు చదువరి:
స్నేహలతా రెడ్డి గారిని మర్చిపోకండి. కవి పఠాభి గారి భార్య, నాటకరంగ నటి. ఎమర్జెన్సీలో బెంగళూరు జైల్లో ఎనిమిది నెలలు పెట్టారు. ఉబ్బసం. 1977 జనవరి 15న పెరోల్ మీద వదిలారు, 20న పోయారు.

లా పాయింట్:
వాళ్లిద్దరూ సొంత దేశంలో సొంత ప్రభుత్వాన్ని ఎదిరించారు. ఇది పరాయి దేశపు ప్రోగ్రామ్. పోలిక కుదరదు. నా షరతు ప్రశ్నకు జవాబు రాలేదు.

ఓరుగల్లు రేడియో:
పరాయి దేశం పోలిక కావాలంటే 1984లో బ్రిటిష్ రాక్ బృందం క్వీన్ వర్ణవివక్ష నాటి దక్షిణాఫ్రికాలోని సన్ సిటీలో పాడింది. అప్పటికే ఐక్యరాజ్యసమితి సాంస్కృతిక బహిష్కరణకు పిలుపిచ్చింది. బ్రిటన్ సంగీతకారుల యూనియన్ వాళ్లకు జరిమానా వేసింది. అప్పుడూ వాళ్లు చెప్పింది ఇదే, జనం కోసం వెళ్లాం, ప్రభుత్వం కోసం కాదని.

జగిత్యాల డ్రైవరన్న:
జరిమానాలు, యూనియన్లు. మీకు అన్నీ కాగితాల మీదే కనిపిస్తాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్‌లలో ఎన్ని ఇళ్లు ఆ రియాళ్లతో లేచాయో వచ్చి చూడండి. అదే దేశం, అదే డబ్బు. మావీ పాపపు సొమ్మేనా?

బుర్రకథ వారసుడు:
కూలి డబ్బును ఎవరేమన్నారు? నువ్వే మాట మారుస్తున్నావు. పదకొండేళ్లు వాళ్ల ఉప్పు తిన్నావు, అందుకే వాళ్లను ఒక్క మాట అననివ్వడం లేదు.

డల్లాస్ తెలుగు:
ఆ మాట అనకూడదండి. వెనక్కి తీసుకోండి.

జగిత్యాల డ్రైవరన్న:
ఉప్పు గురించి చెబుతా, విను.

శుక్రవారం బత్తా బజారులో మనవాళ్లంతా కలుస్తారు. అక్కడ పరిచయమైన నిజామాబాద్ అబ్బాయి ఒక కన్‌స్ట్రక్షన్ క్యాంపులో చేసేవాడు. ఏడు నెలలు జీతం ఇవ్వలేదు. అడిగితే హురూబ్ పెట్టారు. అంటే పారిపోయాడని రిపోర్ట్. ఆ రోజు నుంచి ఇకామా, అంటే అక్కడ ఉండే అనుమతి కార్డు, పనికిరాదు, దొరికితే జైలు. కల్లివల్లి, అంటే కాగితాలు లేనివాడు, అయిపోయాడు. మూడు నెలలు నా గదిలో దాక్కున్నాడు. పారిపోలేదని, క్యాంపులోనే ఉన్నాడని నాకు తెలుసు. సాక్ష్యం చెప్పమని కాళ్లు పట్టుకున్నాడు. నా పాస్‌పోర్టు మా కఫీల్ బీరువాలో ఉంది, ఇక్కడ ఇద్దరు పిల్లలు. నేను వెళ్లలేదు.

ఆ డబ్బు తీసుకున్నవాడు నోరు మూసుకున్నట్టే అన్న అర్థంలో మీరు రాసిన ప్రతిసారీ అది నాకు తగులుతుంది. కామెడీ వాళ్ల గురించి కాదు నా బాధ.

బుర్రకథ వారసుడు:
అన్నా, ఆ ఉప్పు మాట తప్పు. క్షమించు.

కానీ నిన్నూ వాళ్లనూ ఒక గాటన కట్టను. నీ పాస్‌పోర్టు బీరువాలో ఉంది. వాళ్ల పాస్‌పోర్టు వాళ్ల జేబులో ఉంది, రిటర్న్ టికెట్ ఉంది. పిలుపు వచ్చింది అమెరికాలో ఇంట్లో కూర్చుని ఉండగా. వద్దంటే పోయేది ఒక చెక్కు. నువ్వు సాక్ష్యం చెబితే పోయేది నీ బతుకు.

జగిత్యాల డ్రైవరన్న:
సరే. వాళ్లు వెళ్లకపోతే ఆ అబ్బాయికి జీతం వచ్చేదా? మా క్యాంపుల్లో ఎవరికైనా ఆ సంగతి తెలిసేదా?

లా పాయింట్:
అజీజ్ అన్సారీ తన డబ్బులో కొంత మానవ హక్కుల సంస్థలకు ఇస్తానన్నాడు. హ్యూమన్ రైట్స్ వాచ్ తీసుకోలేమంది. అక్కడికి వెళ్లిన మరో కమెడియన్ జెస్సికా కర్సన్ క్షమాపణ చెప్పి మొత్తం ఇచ్చేసింది. అంటే వాళ్లకే తప్పనిపించిందిగా.

బుర్రకథ వారసుడు:
జీతం వచ్చేది కాదన్నా, ఒప్పుకుంటాను. కానీ ఒకటి విను. టిమ్ డిల్లన్ అనే అమెరికన్ కామెడీ అతనికి ఒక్క షోకు 3,75,000 డాలర్లు ఇస్తామన్నారట. మన డబ్బుల్లో 3 కోట్ల పైనే. తర్వాత అతన్ని తీసేశారు. ఎందుకో అతనే చెప్పాడు. అక్కడ కూలీల చేత బానిస చాకిరీ చేయిస్తారని తన కార్యక్రమంలో అన్నాడట. అతను గొప్పవాడని నేను అనడం లేదు, డబ్బిస్తే చూడనట్టు ఉంటానని తనే చెప్పుకున్నాడు. అయినా నోరు జారి వచ్చిన ఆ ఒక్క మాట వాళ్లకు సహించలేదు. అది నీ గదిలో దాక్కున్న అబ్బాయి గురించిన మాట. లా పాయింట్ గారు అడిగే తేడా కూడా నాకు అక్కడే ఉంది. కంపెనీ షరతు పెడితే ఆ గేటు దాటాక మాట్లాడొచ్చు. ఇక్కడ గేటు బయట అన్నదానికీ పట్టుకున్నారు.

జగిత్యాల డ్రైవరన్న:
ఇది నాకు తెలియదు తమ్ముడూ. ఆ వీడియో ఉంటే లింక్ పెట్టు. ఇంగ్లీష్ నాకు అందదు, ఏమన్నాడో రెండు లైన్లు తెలుగులో రాయి. ఆ అబ్బాయి ఇప్పుడు ఊళ్లోనే ఉన్నాడు, మేకలు కాస్తున్నాడు. ఆదివారం అటు వెళ్తున్నా. చూపిస్తా.