సద్దుల బతుకమ్మ నాడు ఫోటో కౌంటర్: ఎవరేం చూసుకోవాలె

ఫోటోగ్రాఫర్: అందరికీ నమస్తే. ఈసారి ఉత్త ఫోటో కౌంటర్ కాదు. ఇంగ్లండ్‌ల ఉన్న కుటుంబం ఫోటో పక్కన ఊర్ల ఉన్న అమ్మనాయినల ఫోటో పెడతం, రెండూ ఒకే ఫ్రేముల. చూసేటోళ్లకు ఒకే ఇల్లు అనిపించాలంటే కెమెరా ఎత్తు, దూరం, వెలుగు వచ్చే దిక్కు రెండుదిక్కులా ఒక్కతీరు ఉండాలె. ఎత్తు కూసున్న మనిషి కండ్ల మట్టం, దూరం రెండు మీటర్లు, వెలుగు కెమెరాకు ఎడమ దిక్కు నుంచి. ఇక్కడ ఇంగ్లండ్ హాలుల 120 సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్స్ (వెలుగును మెత్తగ చేసే బట్ట డబ్బా) ఒక్కటే, కుడి దిక్కు వెలుగు తిప్పికొట్టేటందుకు తెల్ల ఫోమ్ బోర్డు. కెమెరా సెట్టింగులు: ఎఫ్/8, 1/160, ఐఎస్ఓ 200. ఎఫ్/2.8 పెట్టి లెన్సు ఎక్కువ తెరిస్తే ముందు కూసున్న పిల్ల సాఫ్‌గ వస్తది, వెనుక నిలబడ్డ నాయిన మసకైతడు.

నల్గొండ నుంచి తమ్ముడు: అన్నా, మేం ఊర్లు తిరుగుతం గని లైట్లు మోయలేం. దేవరకొండ, కొల్లాపూర్ దిక్కు పోయేటోళ్ల దగ్గర ఫోన్లే ఉన్నయి.

ఫోటోగ్రాఫర్: ఫోన్ చాలు తమ్మీ. పొద్దున తొమ్మిది లోపల తీయుండ్రి. దర్వాజకు మీటరు లోపల కుర్చీ వేయాలె, ఎండ నేరుగ పడొద్దు, దర్వాజ మీ ఎడమ చేతి దిక్కు ఉండాలె. ఫోన్ జూమ్ 1ఎక్స్‌తోని దగ్గరికి పోతే ముక్కు పెద్దగ, చెవులు చిన్నగ వస్తయి. 2ఎక్స్ పెట్టి రెండు మీటర్ల దూరం నిలబడుండ్రి. బ్యూటీ ఫిల్టర్ బందు పెట్టుండ్రి, లేకపోతే చామనఛాయ పోయి ముఖం సున్నం కొట్టిన గోడ లెక్కైతది. వెనుక తెర కట్టకుండ్రి. గూడు, క్యాలెండర్, దండెం ఉంటే ఉండనీ, ఊరు కనబడేది అండ్లనే. వాట్సాప్‌ల డాక్యుమెంట్ లెక్క పంపాలె. మామూలుగ పంపితే సైజు తగ్గి ఏ4 ప్రింటు చెడిపోతది. దానికి 2480×3508 పిక్సెళ్లు కావాలె. మీకు తొమ్మిదైతే ఇక్కడ తెల్లారి నాలుగున్నర. అడిగేదుంటే ముందు రాత్రే అడుగుండ్రి.

చీరలు, పూలు చూసే అక్క: తమ్ముడూ, ఆడోళ్లంతా గద్వాల, నారాయణపేట, పోచంపల్లి చీరలే కడతరు. పోయినసారి గళ్ల చీరల మీద ఇంద్రధనుస్సు రంగుల చారలొచ్చినయి.

ఫోటోగ్రాఫర్: అది మొయిరే అక్కా. సన్నటి గళ్లు సెన్సార్ పిక్సెళ్ల వరుసతోని ఢీకొంటే వస్తది, తర్వాత పూర్తిగ తీసేయుడు కష్టం. నారాయణపేట గళ్ల చీర వస్తే ఒక్కటి తీసి, స్క్రీన్ మీద 100 శాతం పెద్దగ చేసి చూడాలె. కనబడితే అరడుగు ముందుకో వెనుకకో జరగాలె. గద్వాల జరీ అంచు ఎదురు వెలుగుకు తెల్లగ కాలిపోతది, అందుకే సాఫ్ట్‌బాక్స్ అంచు వెలుగే మనిషి మీద పడనిస్త. బతుకమ్మ పట్టుకొని నిలబడితే పసుపు పూలల్ల రేకులు కనబడకుండ ముద్దైతయి, ఎక్స్‌పోజర్ (కెమెరాల పడే వెలుగు) మూడో వంతు స్టాప్, అంటే కొంచెం తగ్గిస్త.

హాలు పని చూసేటోళ్లు: కరెంటు సామాను మీద పాట్ టెస్ట్ (కరెంటు సామానుతోని ప్రమాదం లేదని చూసే పరీక్ష) స్టిక్కర్ లేకుంటే హాలోళ్లు ప్లగ్గు పెట్టనియ్యరు. గోడకు మేకులు బంద్, ఫ్రేములు స్టాండ్లకే. ఫోటోకు వెనుక కట్టే 2.72 మీటర్ల వెడల్పు బూడిద రంగు పేపర్ తలుపు దగ్గర పెడితే గాలికి స్టాండు పడతది. ఒక్కో కాలు మీద ఇసుక సంచి ఉండాలె.

టోకెన్లు, ఫారాలు చూసేటోళ్లు: కుటుంబానికి 4 నిమిషాలు, అంటే 3 గంటలల్ల 45. పిల్లలు ఆగరు కాబట్టి 36 టోకెన్లే ఇస్త. ఆట మొదలైతే ఎవరూ రారు, ఆట అయినంక చెమట మెరుపు. గందుకే ముందే మొదలుపెడదాం.

ఊరి పేరు దగ్గర జర పైలం. 2016ల జిల్లాలు విడిపోయినా గద్వాలోళ్లు ఇంకా పాలమూరనే రాస్తరు, సూర్యాపేటోళ్లు నల్గొండనే అంటరు. ఫారం మీద ఊరు, మండలం వేరు వేరు గడులల్ల రాయిపిస్త, జిల్లా వాళ్లు చెప్పిందే రాస్త. ప్రదర్శనకు ఒప్పుకున్నట్టు సంతకం వేరు, ఫేస్‌బుక్‌కు వేరు. ఊర్ల పెద్దోళ్లకు వాయిస్ మెసేజ్ చాలు, గని ఆ మాట వాళ్ల నోటినుంచే రావాలె, కొడుకు చెప్పొద్దు.

హాలు పని చూసేటోళ్లు: స్టిక్కర్లు లేని ఎక్స్‌టెన్షన్ బోర్డులు శుక్రవారం లోపల నాకు ఇయ్యుండ్రి, టెస్ట్ చేపిస్త.