కామెడీ సీక్వెల్ అంటే పాత జోకులే మళ్ళీ వినాలా?

మార్నింగ్‌షో_బ్యాచ్:
ఎఫ్2 (2019) చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. ఎఫ్3 (2022) మాత్రం అదే టీం, అదే డైరెక్టర్ అయినా నాకు ఎక్కలేదు. విచిత్రం ఏంటంటే కథ వేరే. మొదటిదాంట్లో పెళ్ళాల గోల, రెండోదాంట్లో డబ్బు పిచ్చి. కథ మార్చినా చూసిందే మళ్ళీ చూస్తున్నట్టు ఎందుకుంది? అసలు కామెడీకి సీక్వెల్ తీసి, మొదటిదే తిప్పి తీశారనిపించుకోకుండా ఉండటం కుదిరే పనేనా? హారర్ కామెడీలు వద్దు, వాటి లెక్క వేరు.

నేల_టికెట్:
ఎఫ్3లో వెంకటేష్‌కి రేచీకటి, వరుణ్ తేజ్‌కి నత్తి పెట్టారు కదా, అక్కడే వచ్చింది తంటా. ఎఫ్2లో వెంకీ ఇంట్లో ఎలా ఇరుక్కున్నాడో చూసి నవ్వాం. రేచీకటి ఒకసారి నవ్విస్తుంది, చీకటి పడ్డ ప్రతిసారీ అదే అంటే ఎలా? పాత సినిమాని కాదు, ఆ సినిమా తనని తానే రిపీట్ చేసుకుంది.

బాల్కనీ_బాబాయ్:
టిల్లు స్క్వేర్ (2024) ఎవరూ ఎత్తలేదేంటి? అది రిపీట్ కాదని నేననను, పక్కా రిపీటే. డీజే టిల్లు (2022)లో మనోడు ఏదేదో ఊహించుకుని రాధిక ఫ్లాట్‌కి వెళ్తే అక్కడ శవం ఉంటుంది, దాన్ని మాయం చేసే పని వీడి నెత్తిన పడుతుంది, అప్పుడు ఏం జరగబోతోందో వీడికీ తెలీదు, మనకీ తెలీదు. రెండోదాంట్లో అనుపమ తెర మీదకి రాగానే "అయిపోయాడ్రా వీడు" అని మనకి అర్థమైపోతుంది, అర్థం కానిది వాడొక్కడికే. నవ్వంతా అక్కడే. మళ్ళీ అదే గోతిలో పడుతున్నానని వాడికే డౌటొచ్చి తనమీద తనే సెటైర్లు వేసుకుంటాడు. డైరెక్టర్ మారినా (విమల్ కృష్ణ స్థానంలో మల్లిక్ రామ్) రాతలో హీరో సిద్ధు రెండింటికీ ఉన్నాడు, అందుకే టిల్లు మాట తీరు చెడలేదు. నాన్నగా మురళీధర్ గౌడ్ సీన్లు ఎన్నిసార్లైనా చూస్తాను, అది వేరే సంగతి.

సెకండ్‌షో:
@బాల్కనీ_బాబాయ్ ఆ ట్రిక్కు ఒక్కసారే పనిచేస్తుంది బాబాయ్. మూడోసారి కూడా అమ్మాయే ముంచిందంటే ఎవడు చూస్తాడు? నా ఓటు శంకర్‌దాదా జిందాబాద్ (2007)కి, నిజానికి దాని ఒరిజినల్ లగే రహో మున్నాభాయ్ (2006)కి వెయ్యాలి. మొదటి సినిమా శంకర్‌దాదా ఎంబీబీఎస్‌లోని మెడికల్ కాలేజీ గొడవ మొత్తం పక్కన పెట్టేసి గాంధీగారిని తెచ్చారు. మిగిల్చింది ఆ రౌడీని, పక్కనుండే వాడి అనుచరుడు ఏటీఎంని. కానీ గమనించారా, రెండింట్లోనూ వాడు అబద్ధం చెప్పే ఇరుక్కుంటాడు, మొదట డాక్టర్నని, తర్వాత ప్రొఫెసర్నని. అస్థిపంజరం ఒకటే, ఎవరికీ దొరకలేదంతే.

నేల_టికెట్:
మత్తు వదలరా కూడా అంతే. 2019లో డెలివరీ బాయ్స్, 2024లో అదే ఇద్దరూ కిడ్నాప్ కేసులు చూసే టీంలో. ఉద్యోగం మారింది గానీ చేతివాటం పోలేదు, కస్టమర్ దగ్గర ఐదొందలు నొక్కేసే బుద్ధే ఇక్కడ రికవరీ డబ్బు దాకా వెళ్ళింది. కథ కొంచెం పల్చగా ఉన్నా ఏసు పాత్రలో సత్య లాక్కొచ్చేశాడు.

మార్నింగ్‌షో_బ్యాచ్:
శంకర్‌దాదా రెండింట్లో అబద్ధం సంగతి నాకెప్పుడూ తట్టలేదు, బాగా పట్టారు. టిల్లు విషయంలో మాత్రం నేను సెకండ్‌షో వైపే. మత్తు వదలరా మొదటిది చూడకుండా రెండోది చూడొచ్చా?

నేల_టికెట్:
కథ అర్థమవుతుంది, కానీ ఏసుగాడికి ఎందుకంత ఫాలోయింగో తెలియాలంటే మొదటిదే ముందు చూడు.