పత్తి ఆకుల డీఎన్‌ఏ గోధుమరంగులో వస్తోంది, పీసీఆర్ పనిచేయడం లేదు

పత్తిగింజ:
ముదురు పత్తి ఆకు 200 మి.గ్రా. తీసుకుని సీటాబ్ (కణాల పొరల్ని కరిగించే డిటర్జెంట్) పద్ధతిలో డీఎన్‌ఏ తీస్తున్నాం. బఫర్ 600 మైక్రోలీటర్లు, 65 డిగ్రీల దగ్గర అరగంట, క్లోరోఫామ్ ఒకసారి, ఆపైన ఐసోప్రొపనాల్ పోసి రాత్రంతా మైనస్ 20లో. పెల్లెట్ (అడుగున దిగే ముద్ద) గోధుమరంగులో, జిగటగా ఉంటోంది. నానోడ్రాప్ (కాంతి శోషణతో డీఎన్‌ఏని కొలిచే యంత్రం) మైక్రోలీటరుకు 900 నానోగ్రాములు చూపిస్తోంది. 260/280 విలువ (ఆ నానోమీటర్ల దగ్గర శోషణల నిష్పత్తి) 1.6, 260/230 విలువ 0.7. జెల్‌లో సగం వెల్‌లోనే (శాంపిల్ పోసే గుంతలోనే) ఇరుక్కుంటోంది. పీసీఆర్‌లో (డీఎన్‌ఏ ముక్కకి లెక్కలేనన్ని నకళ్లు తీసే పద్ధతి) బ్యాండే లేదు. లోపం ఎక్కడుందండీ?

జెల్‌లేన్:
ఆ 900ని నమ్మకండి. ఆర్‌ఎన్‌ఏ, పాలీఫినాల్స్ కూడా 260 దగ్గర కాంతిని పీల్చుకుంటాయి, యంత్రం అన్నిటినీ డీఎన్‌ఏ ఖాతాలోనే వేసేస్తుంది. చూడాల్సింది 260/230. శుభ్రమైన డీఎన్‌ఏకి అది 2 దరిదాపుల్లో ఉంటుంది. మీ ట్యూబులో రంగు పాలీఫినాల్స్‌ది, జిగట పాలీశాకరైడ్లది (చక్కెర గొలుసులది). రెండింటికీ మందు వేరు.

కణం పగలగానే పాలీఫినాల్స్ ఆక్సీకరణ చెంది క్వినోన్లుగా మారి డీఎన్‌ఏని పట్టుకుంటాయి. పట్టుకున్నాక క్లోరోఫామ్ ఎన్నిసార్లు పోసినా వదలవు. కాబట్టి బఫర్‌లో 2 శాతం పీవీపీ (పాలీఫినాల్స్‌ని పట్టుకునే పాలిమర్) ఉండాలి. ఆక్సీకరణని అడ్డుకునే బీటా మెర్కాప్టోఇథనాల్ 1 శాతం, అదీ వాడబోయే ముందే, ఫ్యూమ్ హుడ్‌లో కలపాలి. ద్రవ నైట్రోజన్‌లో నూరిన పొడి ఇంకా గడ్డకట్టి ఉండగానే 65 డిగ్రీల బఫర్ దాని మీద పడాలి. ఈలోపే పొడి తడిసి ముద్దయి రంగు తిరిగితే ఆ ట్యూబు పక్కన పెట్టేయండి.

పిపెట్‌మొన:
పీవీపీ సరే గానీ, అంతకన్నా ముందు 200 మి.గ్రా. ఆకుకి 600 మైక్రోలీటర్ల బఫర్ ఏం సరిపోతుంది? ఆకు ఎక్కువేస్తే పెరిగేది జిగురే. 50 మి.గ్రా. లేత ఆకుకి 700 మైక్రోలీటర్లు పోయండి.

పత్తికి సార్బిటాల్ వాష్ తప్పనిసరి అంటాను. 0.35 మోలార్ సార్బిటాల్, 100 మిల్లీమోలార్ ట్రిస్ (పీహెచ్ 8), 5 మిల్లీమోలార్ ఈడీటీఏ, 1 శాతం పీవీపీ, 1 శాతం మెర్కాప్టోఇథనాల్. పొడి మీద 1 మి.లీ. పోసి బాగా కలిపి, 5 నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పై ద్రవం పారబోయండి. కేంద్రకాలు అడుగున ఉండిపోతాయి, జిగురు పైద్రవంతో పోతుంది. పైద్రవం ఇంకా చిక్కగా ఉంటే మరోసారి. ఆ తర్వాతే సీటాబ్.

క్లోరోఫామ్ దశ అయ్యేదాకా ట్యూబుల్ని ఐస్‌లో పెట్టొద్దు, సెంట్రిఫ్యూజ్ కూడా గది ఉష్ణోగ్రతలోనే. సుమారు 15 డిగ్రీల కిందికి వెళ్తే సీటాబ్ పేరుకుపోతుంది.

పత్తిగింజ:
మరి రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచడం? ఇప్పటికే తీసినవి పనికొస్తాయా?

జెల్‌లేన్:
ఫ్రీజర్ అక్కర్లేదు. క్లోరోఫామ్ తర్వాత తీసిన పైద్రవానికి 0.7 వంతు ఐసోప్రొపనాల్ పోసి గది ఉష్ణోగ్రతలో 10 నిమిషాలు చాలు. ఎక్కువసేపు చల్లబరిస్తే ఉప్పు, పాలీశాకరైడ్లు కూడా దిగుతాయి.

పాతవాటికి ముందు ఓ పరీక్ష. ఎప్పుడూ బ్యాండ్ ఇచ్చే పీసీఆర్ మిశ్రమంలో మీ శాంపిల్ 1 మైక్రోలీటర్ కలపండి. ఆ బ్యాండ్ మాయమైతే అడ్డుపడుతున్నది మలినాలే. అప్పుడు 20 రెట్లు, 100 రెట్లు పలుచన చేసి నడపండి, బీఎస్ఏ (మలినాల్ని పట్టుకునే ప్రోటీన్) కూడా వేయండి.

జిగట పోవాలంటే 100 మైక్రోలీటర్ల శాంపిల్‌కి 5 మోలార్ సోడియం క్లోరైడ్ 67 మైక్రోలీటర్లు కలపండి, 2 మోలార్ అవుతుంది. దానికి రెండింతలు ఇథనాల్. ఉప్పు అంత ఎక్కువుంటే పాలీశాకరైడ్లు చాలావరకు ద్రవంలోనే ఉండిపోతాయి, డీఎన్‌ఏ దిగుతుంది. తర్వాత 70 శాతం ఇథనాల్‌తో రెండుసార్లు కడగండి, లేకపోతే మిగిలిన ఉప్పే పీసీఆర్‌ని ఆపుతుంది. ముదురు గోధుమరంగు ట్యూబుల మీద మాత్రం ఈ శ్రమ దండగ, వాటికి మళ్లీ ఆకు కోయాల్సిందే.