రాత్రి గాలం వేస్తుంటే నీళ్లు వెలుగుతున్నాయి, మీకూ కనిపించాయా?

భీమిలి గాలం: అమావాస్య రోజుల్లో రాళ్ల మీద నుంచి గాలం వేస్తుంటే దారం నీటిని తాకిన ప్రతిచోటా తెల్లటి గీత పడుతోంది. ఎర లాగితే వెనకాల నిప్పురవ్వల తోక. మూడు ప్రశ్నలు. ఇలాంటప్పుడు చేప పడుతుందా? ఆ నీటిలో దిగవచ్చా? ఫోనులో ఫొటో ఎలా తీయాలి?

ఉప్పాడ వల: చేప పడదు. వల మండుతోందంటే మా వాళ్లు తిట్టుకుంటూ తిరిగి వస్తారు. నైలాన్ వల అలలకు కదిలినప్పుడల్లా ప్రతి కన్నూ వెలుగుతుంది. చేపకు అది దూరం నుంచే కనబడుతుంది, పక్కకు తప్పుకుంటుంది. డీజిలు ఖర్చు మాత్రం మాదే. ఫొటోల సంగతి సరదాకు వేసేవాళ్లను అడగండి.

ఓడ సరంగు: దీనికే ఇంత ఆశ్చర్యమా? 2019లో జావాకు దక్షిణాన లక్ష చదరపు కిలోమీటర్లకు పైగా సముద్రం పాలలా తెల్లబడింది. ఉపగ్రహానికి కూడా చిక్కింది. అది బాక్టీరియా పని, ఎవరూ కదపకపోయినా రాత్రంతా నిలకడగా వెలుగుతుంది. మీరు చూసింది నాక్టిలూకా అనే సూక్ష్మజీవి అయి ఉంటుంది. కదిపితేనే మెరుస్తుంది, అదీ క్షణం సేపు.

ఉప్పాడ వల: అంతెత్తు నుంచి చూసేవారికి మా వల కనబడదు లెండి.

కాశిమేడు తమ్ముడు: ఉప్పాడ అన్నా, తప్పు వెలుగుది కాదు, వలది. చేప తనంతట తాను వచ్చి చిక్కుకోవాలని నిలబెట్టే వలకు అది నష్టం. చుట్టి పట్టేవాళ్లకు అదే దీపం. కవ్వ చేపల గుంపు కదిలితే నీటి అడుగున తెల్లటి మబ్బు కదిలినట్టు కనబడుతుంది. వెన్నెల లేని రాత్రి రింగు వల తిప్పితే చాలు.

ఉప్పాడ వల: రింగు వలా! అందుకే మాకు కవ్వలు మిగలడం లేదు. 2022 జనవరిలో విశాఖలో ఈ వలల గురించే పడవలు తగలబడ్డాయి, మరిచిపోయారా?

కాశిమేడు తమ్ముడు: ఎవరు తగలబెట్టారో అది కూడా చెప్పండి మరి. చిన్న పిల్ల చేపలను ఊడ్చేసే మరపడవల గురించి మాత్రం ఎవరికీ నోరు రాదు.

ఉప్పాడ వల: మా ఇంట్లో మరపడవ ఉందని మీకెవరు చెప్పారు? మాది ఫైబర్ తెప్ప. మాట జాగ్రత్త.

నిర్వాహకుడు: రింగు వలలకు వేరే చర్చ నడుస్తోంది. ఇక్కడ ఆపండి. ఇద్దరికీ చెబుతున్నాను.

సముద్ర శాస్త్రం మాస్టారు: డిగ్రీ పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పిన పాఠం కాబట్టి రాస్తున్నాను. నాక్టిలూకా ఏకకణ జీవి, మిల్లీమీటరు అటూఇటూ ఉంటుంది. నీటి ఒరిపిడి తగలగానే లూసిఫెరిన్ అనే పదార్థం లూసిఫెరేజ్ సాయంతో ఆక్సిజన్‌తో కలిసి వెలుగునిస్తుంది. విషం లేదు. అయితే బాగా పెరిగితే పగలు నీరు ఎర్రగానో పచ్చగానో మారుతుంది, అమ్మోనియా చేరుతుంది, అవి కుళ్లినప్పుడు నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది. 2019 సెప్టెంబరులో మన్నార్ సింధుశాఖలో పచ్చబడిన నీటిలో చేపలు చచ్చి తేలాయి. పగటి రంగు చూశాకే దిగడం గురించి ఆలోచించండి.

ఫ్లోరిడా పడవ: మాస్టారూ, "విషం లేదు" అని అంత ధీమాగా చెప్పకండి. మా ఇండియన్ రివర్ లగూన్‌లో వేసవిలో వెలిగేది పైరోడీనియం అనే మరో ఏకకణ జీవి. దాని విషం అక్కడి బుడగ చేపల్లో చేరి మనుషులు ఆసుపత్రి పాలయ్యారు. ఆ చేపలను పట్టడమే నిషేధించారు. చలికాలంలో వెలిగేవి మళ్లీ వేరు, దువ్వెన జెల్లీలు.

సముద్ర శాస్త్రం మాస్టారు: నేను నాక్టిలూకా గురించి చెప్పాను. ఫ్లోరిడా గురించి కాదు. చదివి రాయండి.

చెన్నై రాత్రులు: 2019 ఆగస్టులో తిరువాన్మియూరు, బెసంట్ నగర్ తీరాల్లో వచ్చినప్పుడు నేను తీసిన ఫొటోలు చూసి అందరూ ఏ కెమెరా అని అడిగారు. ఫోనును రాయికి ఆనించి రాత్రి మోడ్‌లో పెట్టాను, అంతే.

భీమిలి గాలం: నా కంటికి తెల్లగానే కనిపించింది. మీ ఫొటోలో అంత నీలం ఎక్కడిది?

చెన్నై రాత్రులు: రంగు పూశానంటారా? మసక వెలుతురులో మన కంటికి రంగు సరిగా తెలియదు, ఫోను కొన్ని సెకన్ల వెలుగును పోగుచేస్తుంది. అనుమానం ఉంటే అసలు ఫైలు పంపుతాను.

వంటింటి సముద్రం: సముద్రం దాకా ఎందుకు? మా ఇంట్లో కార చేపలు కడిగి గిన్నెలో పెడితే దీపం ఆర్పగానే మసకగా వెలిగాయి. అత్తగారు రేడియం పట్టిందని మొత్తం పారబోయించారు.

సముద్ర శాస్త్రం మాస్టారు: కారల అన్నవాహిక చుట్టూ వెలిగే బాక్టీరియా ఉండే చిన్న అవయవం ఉంటుందమ్మా. పొట్ట కిందికి వెలుగు పంపి, పై వెలుతురులో తన నీడ కనబడకుండా చేసుకుంటుంది. తాజా చేపలైతే భయం లేదు. మిగతా చేపలు నిలవ ఉండి వెలిగితే మాత్రం పారేయడమే మేలు.

భీమిలి గాలం: గాలానికి చేప పడుతుందా అని అడిగాను, ఎవరూ చెప్పలేదు.

ఫ్లోరిడా పడవ: పడుతుంది. అల్లిన దారం ఎక్కువ వెలుగుతుంది, చివర సన్నటి ఒంటి పోగు దారం కట్టండి. ఎరను మాటిమాటికీ లాగకండి, నిలకడగా వదిలేయండి.

ఉప్పాడ వల: కారలు పారబోయడమేమిటమ్మా! ఎండబెట్టి వంకాయలో వేసి ఉంటే మీ అత్తగారే మళ్లీ అడిగేవారు.