పొడవు కడ్డీ ఎప్పుడొస్తుందో తెలిసిపోతే టెట్రిస్‌లో ఇంకేం మిగులుతుంది?

గోదారిగట్టు: 1984లో మాస్కోలోని సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేసిన టెట్రిస్ (పైనుంచి పడే ముక్కలను పేర్చి, నిండిన వరుసలను తీసేసే వీడియో గేమ్) ఇన్నేళ్లయినా పాతబడకపోవడానికి, పక్కన చూపించే ఒక్క ముక్కను మించి ఏది పడుతుందో తెలియకపోవడమే కారణమని నా వాదన. 1989 నాటి చేతి ఆటయంత్రం గేమ్‌బాయ్‌లో తొలి స్థాయిలో ఒక్క వరుస తీస్తే 40 పాయింట్లు, నాలుగు ఒకేసారి తీస్తే 1200. ఆ 1200 కోసం అంచున నాలుగు గడుల పొడవు కడ్డీ పట్టేలా నిలువు సందు వదిలి, గుట్ట పైదాకా పెరుగుతున్నా ‘ఇంకొక్క ముక్క చూద్దాం’ అని తెగించడంలోనే మజా ఉంది. ఇప్పటి టెట్రిస్‌లలో ఏడు ఆకారాలనూ ఒక సంచిలో కలిపినట్టు కలిపి వరుసగా తీసి, అన్నీ అయ్యాకే మళ్లీ నింపుతారు కనుక, రెండు కడ్డీల నడుమ 12 ముక్కలకు మించి పడవు. పైగా ఒక ముక్కను పక్కన దాచుకోనిస్తారు. ఇక తెగింపు ఎక్కడిది?

సున్నాచుట్టు: దాన్ని తెగింపు అనరు, లాటరీ అంటారు. ఎస్, జెడ్ ఆకారపు వంకర ముక్కలు మాత్రమే ఒకదాని తర్వాత ఒకటి వస్తూ ఉంటే ఎంతటి ఆటగాడైనా ఓడక తప్పదని గణితజ్ఞులు నిరూపించారు. సంచి పద్ధతి ఆ అన్యాయాన్ని తీసేసింది, అంతే.

రిమోట్‌బ్యాటరీ: మనలో ఎంతమంది గేమ్‌బాయ్ చూశారు? తొంభైలలో మన ఫ్యాన్సీ షాపుల్లో దొరికింది ‘9999 ఇన్ 1’ అని రాసి ఉన్న, చేత్తో పట్టుకుని ఆడే బ్రిక్ గేమ్ పెట్టె. దాన్ని టెట్రిస్ అనవచ్చునా అన్నది ముందు తేల్చండి.

గోదారిగట్టు: పది గడుల వెడల్పు, ఇరవై గడుల ఎత్తు, అవే ముక్కలు. పెట్టె మీద ఏ పేరుంటే ఏమిటి? సున్నాచుట్టు గారూ, అంత అరుదైన వరుస మీ జన్మలో వచ్చిందా?

చెరువుకొమ్ము: చిన్ననాటి జ్ఞాపకం తప్ప ఇందులో ఏమీ లేదని నా అభిప్రాయం.

గోదారిగట్టు: అలాగైతే 2023 డిసెంబరులో అమెరికాలో పదమూడేళ్ల కుర్రవాడు, సంచి లేని పాత నింటెండో టెట్రిస్‌నే 157వ స్థాయికి తీసుకెళ్లి, అది స్తంభించిపోయేదాకా ఎందుకు ఆడాడు? అతను పుట్టేనాటికే ఆ ఆటకు ఇరవై ఏళ్లు దాటాయి. సంచి కావాలనేవారికి ఓడిపోవడం చేతకాదు, అంతే.

సున్నాచుట్టు: ఓడిపోవడం గురించి మీరు నాకు చెప్పనక్కర్లేదు. మా ఇంట్లో ఉన్నది ఒకే బ్రిక్ గేమ్ పెట్టె, అన్నయ్య ఓడితే గానీ అది నా చేతికి వచ్చేది కాదు. నా వంతు వచ్చీరాగానే వంకర ముక్కలు మీద పడి, గుట్ట పైకప్పు తాకేది. ‘నీకు ఆడడం రాదు’ అని లాక్కునేవాడు. తాను ఓడినప్పుడు మాత్రం ‘కడ్డీ రాలేదు, ఇది లెక్కలోకి రాదు’ అని మళ్లీ తనే మొదలుపెట్టేవాడు. మీ అనిశ్చితి మా ఇంట్లో పెద్దవాడికే పనికొచ్చింది.

గోదారిగట్టు: మీ అన్నయ్య అన్యాయాన్ని నేను సమర్థించను. అయితే అతను మళ్లీ ఎందుకు మొదలుపెట్టాడో చూడండి. ఆ ‘కడ్డీ రాలేదు’ అన్న సాకు లేకపోతే, చేతకాలేదని ఒప్పుకుని పెట్టె కింద పెట్టేవాడు. ఆటగాణ్ణి వెనక్కి పిలిచేది ఆ సాకేనని నేనంటున్నాను.

సున్నాచుట్టు: ఇప్పుడు అసలు మాట బయటపడింది. ఆ సాకు మీకు కావాలి, నాకు వద్దు. ఓడితే అది నా సర్దుబాటులోని తప్పని తెలిస్తేనే నాకు మళ్లీ ఆడాలనిపిస్తుంది.

గోదారిగట్టు: అలాగైతే మీకు చదరంగం సరిపోతుంది.

సున్నాచుట్టు: చదరంగంలో పావు నా ఆలోచన తెమిలేదాకా గడిలోనే ఉంటుంది, ఇక్కడ సంచిలో మిగిలినవేమిటో తెలిసినా, ముక్క నా కోసం గాలిలో ఆగదు. వేగం పెరిగాక రాబోయే ముక్కలను లెక్క పెట్టుకుంటూ, పడుతున్నదాన్ని తిప్పి సందులోకి దింపడానికి నాకు ఈనాటికీ వేళ్లు తడబడుతున్నాయి.